ట్యూషను మాస్టారి తక్‌పట్టీ

సాయంత్రం అయిదు దాటిందంటే మన హాస్టలు ముందు నిలిపిన బండ్లలో సగం మాయమవుతాయి. అవి సినిమాకు పోయాయనుకుంటే పొరపాటు. నక్కలగుట్టకు, కిషన్‌పురకు, నయీంనగర్‌కు, కాజీపేటకు ట్యూషన్లు చెప్పడానికి పోతాయి. వర్గ సమీకరణాన్ని మూడు రకాలుగా సాధించి చూపగల మిత్రులు, లెన్సు సూత్రాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగల మిత్రులు, నెల తిరిగేసరికి "ఫీజు" అన్న రెండక్షరాల మాట నోట పలకలేక ఉత్త చేతులతో తిరిగి రావడం నేను కళ్ళారా చూశాను. వారిలో మొదటివాణ్ణి నేనే. పాఠం ఎలా చెప్పాలో చూసి నేర్చుకోవడానికి మన లెక్చరర్లున్నారు. చెప్పిన పాఠానికి పైకం ఎలా అడగాలో, ఎలా రాసుకోవాలో, ఎలా పుచ్చుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మూడేళ్ళుగా ఆ పని చేస్తూ, మొదట దెబ్బతిని, తర్వాత నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. నాది ఎం.పి.సి. గ్రూపు కనుక కామర్స్ మిత్రులు తప్పులుంటే మన్నించాలి.

2023 నవంబరులో, ఫస్టియరులో ఉండగా, తొమ్మిదవ తరగతి పిల్లవాడికి లెక్కలు, ఫిజిక్సు చెప్పడానికి ఒప్పుకున్నాను. నెలకు రెండు వేలు. ఎప్పుడు ఇస్తారని అడగబోతే ఆ ఇంటి యజమాని నవ్వుతూ, "ఫీజు ఎక్కడికి పోతది సార్, తర్వాత చూసుకుందాం" అన్నారు. పద్దెనిమిదేళ్ళ వయసులో, నాకంటే రెట్టింపు వయసున్న మనిషి "సార్" అని పిలిస్తే ఎంత కరిగిపోతామో అనుభవించిన వారికే తెలుస్తుంది. నేను కరిగిపోయాను. మొదటి నెల ఫీజు పదిహేడవ తేదీన ఇచ్చారు. రెండవ నెల, "రెండు నెలలది కలిపి ఇస్తాం" అన్నారు. మూడవ నెల వాళ్ళ ఇంట్లో పెళ్ళి వచ్చింది. నాలుగవ నెల నాకు ధైర్యం చాలలేదు. ఎనిమిది వేలకు రెండు వేలు ముట్టాయి, ఆరు వేలు నిలిచాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు పడతాను. పెద్దవారిని అడగలేక, ఒక రోజు పాఠం అయిపోయాక పిల్లవాడితో, "మీ డాడీకి ఒకసారి యాది చెయ్ తమ్మీ" అన్నాను. వాడు తల ఊపాడు. మర్నాటి నుంచి నా ముఖం చూడడం మానేశాడు. రాని లెక్క రాలేదని చెప్పేవాడు, ఆ తర్వాత అదీ చెప్పలేదు. తెలియనివన్నీ తెలిసినట్టు తల ఊపేవాడు. ఇంట్లో ఏమన్నారో నాకు తెలియదు. పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి నా తరఫున వసూళ్ళకు పంపాను, అంతే. ఆ ఫిబ్రవరి ఆఖరుకు ఆ ఇంటికి వెళ్ళడం మానుకున్నాను.

మార్చిలో రెండవ సెమిస్టరు పరీక్ష ఫీజు, మెస్సు బాకీ కలిసి 5,400 రూపాయలు కట్టవలసి వచ్చింది. ఆరు వేలు చేతికి వచ్చి ఉంటే ఎవరినీ అడిగే పని లేదు. ఇంటికి ఫోను చేశాను. అదే వారం మా బాపు మిరపకాయలు మార్కెట్ యార్డుకు తెచ్చాడు. ఇరవై రెండు బస్తాలు, తొమ్మిది క్వింటాళ్ళ నలభై కిలోలు, క్వింటాలు 17,500 చొప్పున 1,64,500 రూపాయలు. పదిహేను రోజులు ఆగితే ఆ పైకం పూర్తిగా వస్తుంది. అప్పటికప్పుడు నగదు కావాలంటే ఆ అడ్తిదారు నూటికి రెండు రూపాయలు కోసుకుంటాడు. ఏటా ఆగే మనిషి ఆ ఏడు ఆగలేదు. కోత 3,290 రూపాయలు. బస్టాండులో నా చేతిలో నోట్లు పెడుతూ, "ఆళ్ళు ఎన్నడిస్తమన్నరు బిడ్డా? ఏడన్న రాసుకున్నవా?" అని అడిగాడు. రాసుకోలేదన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా జేబులోంచి తక్‌పట్టీ తీసి, మడత విప్పి, మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు.

పట్నపు మిత్రుల కోసం చెబుతున్నాను. తక్‌పట్టీ అంటే మార్కెట్లో సరుకు అమ్మిన రైతుకు ఇచ్చే లెక్క చీటీ. బస్తాలెన్ని, తూకమెంత, ధర ఎంత, హమాలీ ఎంత, దడవాయి ఎంత, కమీషను ఎంత, అన్నీ పోను రైతు చేతికి ఎంత అన్నది అందులో వరసగా ఉంటుంది. ధర నచ్చకపోవచ్చు, కోత నచ్చకపోవచ్చు. అయినా లెక్క కాగితం మీద ఉంటుంది. మా బాపు చదివింది మూడవ తరగతి. కానీ చీటీ లేకుండా ఏ సంవత్సరమూ యార్డు గేటు దాటలేదు. డిగ్రీ చదివే నేను మాత్రం నాలుగు నెలల సరుకును చీటీ లేకుండా, ధర గట్టిగా తేల్చకుండా, ఉద్దెర మీద అమ్మి వచ్చాను. ఆ రాత్రి హాస్టలులో కూర్చుని మొదటి చీటీ రాశాను.

ఇందులో బేరం, బిల్లు, వసూలు అని మూడు వేరు వేరు పనులున్నాయి. మనం మూడింటినీ ఒకే మొహమాటపు మూటగా కడతాం కాబట్టి ఏదీ తెగదు.

బేరం దగ్గర ముందు తేల్చుకోవలసింది మనం అమ్ముతున్నది ఏమిటని. నెలా? గంటా? సిలబస్సా? బడి పిల్లలకు నెల లెక్క బాగుంటుంది. ఇంటర్మీడియెట్ వారికి పరీక్షల ముందు కొన్ని పాఠాలే కావాలి, అక్కడ క్లాసు లెక్క మేలు. సిలబస్ మొత్తానికి ఇంత అని గుత్తకు ఒప్పుకోవద్దని నా సలహా. ఒక పిల్లవాడికి రెండు వారాల్లో అయ్యే త్రికోణమితి ఇంకొకడికి రెండు నెలలు పడుతుంది. అప్పుడు మనకు తెలియకుండానే పాఠాన్ని తరుముతాం.

నెల ఫీజు చెప్పినా లోపల క్లాసు ధర కట్టుకుని ఉండాలి. 2025 జూలైలో కాజీపేటలో నెలకు 2,500కు ఒప్పుకున్నాను. నెలకు ఇరవై క్లాసులు. అంటే క్లాసుకు 125 రూపాయలు. గంట పాఠం, రానూ పోనూ నలభై నిమిషాలు, మొత్తం గంటా నలభై నిమిషాలు. అంటే గంటకు 75. ఇక పెట్రోలు. రానూ పోనూ పన్నెండు కిలోమీటర్లు, ఇరవై రోజులకు 240. నా పాత బండి లీటరుకు యాభై ఇస్తుంది. అప్పటి ధర లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 514 రూపాయలు. అది తీసివేస్తే గంటకు అరవైకి లోపు తేలింది. ఈ లెక్క వేశాక కాసేపు నవ్వుకుని, కాజీపేటలోనే పక్క వీధిలో ఇంకో పిల్లను చూసుకున్నాను. ఒకే పెట్రోలుకు రెండు ట్యూషన్లయ్యాయి. భౌతికశాస్త్రంలో యూనిట్లు సరిచూసుకోమని మన సార్లు ఊరికే చెప్పరు.

క్లాసు ధర తెలిసి ఉంటే, తప్పిపోయిన క్లాసుల తగాదా కూడా తీరుతుంది. దసరా సెలవులు, బతుకమ్మకు అమ్మమ్మ ఊరు, పిల్లకు జ్వరం, మనకు ఇంటర్నల్స్. ఏడాదిలో నెల రోజులు ఇలాగే పోతాయి. నేను మొదటి రోజే చెబుతాను. నేను రాకపోతే ఆదివారం వచ్చి ఆ క్లాసు తీరుస్తాను. వారు ముందు రోజు చెబితే ఆ క్లాసు లెక్కలో ఉండదు. నేను వారి గుమ్మం దాకా వెళ్ళాక "ఇవాళ వద్దు సార్" అంటే ఉంటుంది. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. నిజానికి తల్లిదండ్రులకు మొహమాటం మనకంటే ఎక్కువ. ఎంత తగ్గించి ఇస్తే మాస్టారు నొచ్చుకుంటాడో తెలియక వారూ తేదీ వాయిదా వేస్తుంటారు.

ఇక ముందుగానా, వెనుకగానా? బడి ఫీజు ముందే కడతాం, బస్సు టిక్కెట్టు ముందే కొంటాం. ట్యూషను దగ్గరికి వచ్చేసరికి నెల నిండాక అని ఎవరు పెట్టారో గాని, ఆపైన పది రోజులు, ఆపైన పండుగ అని అది సాగుతుంది. గురుదక్షిణ చదువు ముగిశాకనే కదా అని ఒక పెద్దాయన నాతో అన్నారు. నిజమే. ఆ గురువుకు మాన్యాలుండేవి, మనకు మెస్సు బిల్లుంది. ఇప్పుడు నా పద్ధతి ఇది. మొదటి వారం క్లాసులు ఉచితం, నచ్చితే కొనసాగించవచ్చు, నచ్చకపోతే నమస్కారం. ఆ తర్వాత ప్రతి నెల ఫీజు ఆ నెల మొదటి వారంలోనే. మధ్యలో ఎవరు మానుకున్నా, మిగిలిన క్లాసులకు క్లాసు ధర చొప్పున తిరిగి ఇస్తానని చీటీ కింద రాసి సంతకం పెడతాను. ఆ ఒక్క వాక్యం రాయడం మొదలుపెట్టాక ముందు ఫీజుకు అభ్యంతరం చెప్పినవారు లేరు. రెండుసార్లు తిరిగి ఇచ్చాను కూడా.

అయితే తేదీ అందరికీ ఒకటే పెట్టకూడదు. ఉద్యోగస్తుల ఇళ్ళలో ఒకటో తేదీ తర్వాత అడగాలి. దుకాణం వారికి ఏ తేదీ అయినా ఒకటే, కాని సాయంత్రం గల్లా నిండాక అడగాలి. నా దగ్గర ఆటో నడిపే ఒకాయన కూతురు చదువుతుంది. ఆయన ఒక్కసారి పన్నెండు వందలు తీయలేడు. ప్రతి ఆదివారం మూడు వందలు ఇస్తాడు, ఒక్క ఆదివారం తప్పలేదు. పంట వచ్చినప్పుడే అప్పు తీర్చగల ఇంట్లో పుట్టిన నేను ఈ సంగతి అందరికంటే ముందు తెలుసుకోవలసింది.

బిల్లు సంగతికి వద్దాం. నా చీటీలో ఉండేవి తక్కువే. పైన వరస సంఖ్య, తేదీ. తర్వాత విద్యార్థి తరగతి, ఏ నెల. జరగవలసిన క్లాసులు ఇరవై. కిందటి నెల నేను తప్పినవి ఎన్ని, తీర్చినవి ఎన్ని, వారు ముందు చెప్పి మానినవి ఎన్ని. ఈ నెల ఫీజు, పాతది ఏమైనా ఉంటే అది, మొత్తం, చెల్లించవలసిన తేదీ. "బాకీ" అన్న మాట వాడను, మనుషులకు అది గుచ్చుకుంటుంది. "కిందటి నెల నుంచి వచ్చినది" అని రాస్తాను. ఇదే చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా సరిపోతుంది. వరస సంఖ్య దేనికని మిత్రుడొకడు ఎగతాళి చేశాడు. "సార్, డబ్బులు ఇంకా రాలేదు" అనడానికి నా నోరు రాదు. "సార్, ఏడో నెంబరు చీటీ చూశారా?" అనడానికి వస్తుంది. రెండింటి అర్థం ఒకటే అయినా రెండవదాంట్లో అడిగేది చీటీ, నేను కాదు.

చీటీ ఇచ్చేది వారికి. మనకు పుస్తకం ఉండాలి. నా రూమ్‌మేటు బి.కాం. అతను రాత్రి భోజనాలయ్యాక చిట్టా, ఆవర్జా అని రెండింటిని పరిచయం చేశాడు. చిట్టాలో ఏ రోజు జరిగింది ఆ రోజు రాస్తాం. ఆవర్జాలో అదే సంగతిని ఏ ఖాతాది ఆ ఖాతా కింద ఎత్తి రాస్తాం. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచియోలీ గ్రంథం ఈ విద్యకు పాఠ్యపుస్తకం వంటిదని, ఆయన కూడా లెక్కల మాస్టారేనని అతను చెబితే కొంచెం గర్వపడ్డాను. నాకు అంత పాండిత్యం అవసరం లేదు. ఒక పొడుగు నోటుబుక్కు చాలు. ముందు నుంచి చిట్టా, వెనుక నుంచి ఆవర్జా, ఇంటికొక పేజీ. క్లాసు అయిన రోజున తేదీ వేసి ఆ ఇంటి పెద్దవారితో ఒక పొడి సంతకం పెట్టించుకుంటాను. మొదట్లో ఒక అమ్మగారు, "నమ్మకం లేదా సార్?" అన్నారు. "నా మతిమీద నాకు నమ్మకం లేదమ్మా" అన్నాను. నవ్వి పెట్టారు.

కొంత కొంత ఇచ్చే ఇళ్ళ దగ్గర ఈ పుస్తకం లేకపోతే అయోమయమే. అక్టోబరుకు 2,500 రావాలి, 1,500 ఇచ్చారు. నవంబరులో 2,500 ఇచ్చి, "ఈ నెలది అయిపోయింది కదా" అంటారు. మన లెక్కలో ముందు అక్టోబరు వెయ్యి తీరింది, నవంబరులో వెయ్యి మిగిలింది. మొత్తం ఒకటే, కాని మాట తేడా వస్తుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో దీనికీ జవాబుంది. ఇచ్చేవారు ఇది ఫలానా బాకీకి అని చెబితే దానికే జమ కట్టాలి. వారు చెప్పకపోతే పుచ్చుకునేవారు నిర్ణయించుకోవచ్చు. ఇద్దరూ ఏమీ అనకపోతే ముందు పాతది తీరుతుంది. నేను ఆ రోజే అడిగి, పక్కన నెల పేరు రాసేస్తాను.

డబ్బు చేతికి వచ్చే దారులు ఇప్పుడు రెండు. నగదు అయితే కార్బన్ పెట్టి రసీదు. అయిదు వేలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి, మన ఫీజులు అంతవరకు అరుదుగా పోతాయి. రెండవది 2016లో వచ్చిన యూపీఐ. ఎంత సుఖమో అంత చిక్కు. పిల్ల తండ్రి ఫోనులో డబ్బు లేక మేనమామ ఫోను నుంచి పంపుతారు, మన ఫోనులో ముక్కూ మొహం తెలియని పేరు పడుతుంది. అందుకే పంపేటప్పుడు నెల పేరు, పిల్ల తరగతి కింద రాయమని చెబుతాను. ప్రతి చెల్లింపుకు పన్నెండు అంకెల సంఖ్య వస్తుంది, దానిని ఆవర్జాలో ఎక్కిస్తాను. వారు పంపిన స్క్రీన్‌షాట్ చూసి రసీదు రాయకూడదు, మన ఖాతాలో పడిందో లేదో చూసి రాయాలి. ఇంకొక మాట. డబ్బు పుచ్చుకోవడానికి ఎన్నడూ పిన్ నెంబరు కొట్టనక్కరలేదు. "మా పిల్లలకు ట్యూషను కావాలి, అడ్వాన్సు పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరైనా తియ్యగా మాట్లాడితే ఫోను పెట్టేయండి. అలా కొడితే పోయేది మన డబ్బే.

పన్నుల సంగతి అడిగిన మిత్రులున్నారు. ఏడాదికి ఇరవై లక్షలు దాటితే తప్ప మనబోటి వారికి జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కరలేదు. ఇరవై లక్షల ట్యూషను మాస్టారు మన హాస్టలులో ఉంటే నన్ను కలవవలసిందిగా మనవి. ఇకపోతే రేపు బి.ఎడ్. చేసి బడి ఉపాధ్యాయులు కాబోయేవారు గుర్తుంచుకోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 28వ సెక్షను ప్రకారం ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు. ఆ ఉద్యోగంలో చేరిన నాడు ఈ నోటుబుక్కు మూసేయవలసిందే.

ఇక ఆలస్యమైనప్పుడు? గడువు తేదీ తర్వాత అయిదు రోజులు ఊరుకుంటాను. అప్పుడు చీటీ నెంబరుతో ఒక సందేశం. ఇంకో అయిదు రోజులకు మనిషిని కలిసి మాట్లాడతాను. మొదట నాతో బేరం మాట్లాడినవారితోనే, పిల్లలు ఎదుట లేనప్పుడు. పిల్లలతో కబురు పంపడం లేదు. పిల్లల ముందు తల్లిని అడగడం లేదు. ఫీజు రాలేదని పాఠం పొట్టి చేయడం అసలే లేదు. రెండవ నెలా రాకపోతే నెలాఖరు వరకు చెప్పి, ఆ విషయం పెద్దవారికి ముందే తెలిపి, మానేస్తాను. కోర్టుకు పోతే ఇటువంటి బాకీకి మూడేళ్ళ గడువుందని కాలపరిమితి చట్టం చెబుతుంది గాని, ఆరు వేలకు వకీలును పెట్టుకున్న ట్యూషను మాస్టారిని నేనింతవరకు వినలేదు.

నిజంగా ఇవ్వలేని వారున్నారు. 2025లో మా మెస్సులో పనిచేసే ఒకామె కొడుక్కు లెక్కలు చెప్పాను. డబ్బు తీసుకోలేదు. అయినా ఆ పిల్లవాడికీ ఆవర్జాలో పేజీ ఉంది, నెలనెలా చీటీ ఉంది. ఫీజు వెయ్యి, మాఫీ వెయ్యి, చెల్లించవలసినది సున్న. ఇది పిచ్చి పని అన్నారు కొందరు. మా ఊళ్ళో మాఫీ అంటే ఏమిటో పిల్లవాడికి కూడా తెలుసు. కాగితం మీద కొట్టేసిన అప్పుకు ఎవరూ తల వంచుకోరు. రాయకుండా వదిలేసిన అప్పు ఎదురుపడిన ప్రతిసారీ గుర్తొస్తుంది. ఆమె ఆ చీటీలను ఇంట్లో దాచుకుందట.

మొదటి ఇంటి ఆరు వేల సంగతి చెప్పాలి కదా. 2025 జూన్‌లో, పిల్లవాడు పదవ తరగతి పాసయ్యాడని విని, శుభాకాంక్షలు రాసి, వేరే కాగితం మీద ఒక చీటీ పంపాను. నాలుగు నెలలు, ఎనిమిది వేలు, ముట్టినది రెండు వేలు, మిగిలినది ఆరు వేలు. పాత తేదీ వేయలేదు, ఆ రోజు తేదీయే వేశాను. మూడవ రోజున రెండు వేలు ఫోన్‌పేలో వచ్చాయి, మాటా మంతీ లేదు. అదే మొదట్లోనే నెలనెలా చీటీ పంపి ఉంటే ఏమయ్యేదో! మిగతా నాలుగు వేలు ఆవర్జా పదకొండవ పేజీలో అలాగే ఉన్నాయి.

2026 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా బాపు నా నోటుబుక్కు తీసుకుని వాకిట్లో కూర్చుని పేజీ పేజీ తిప్పాడు. అక్షరాల కంటే అంకెలు తొందరగా చదువుతాడు. పదకొండవ పేజీ దగ్గర ఆగి, "గీ నాలుగు వేలు ఇంక వస్తయా?" అన్నాడు. ఏమో అన్నాను. కొంచెం సేపు చూసి, పుస్తకం నా చేతికిచ్చి, "నాకు గూడ ఒక పేజీ గీసియ్యి. తక్‌పట్టీలు జేబుల చినిగిపోతున్నయ్" అన్నాడు. పేజీ గీశాను. పైన ఆ ఏటి తేదీ వేసి, బస్తాలు, తూకం, ధర, కోత అని నాలుగు గడులు పెట్టాను. కోత గడి ఖాళీగా ఉంచమన్నాడు, ఈసారి ఆగుతానన్నాడు.